బాలింత చేప

మలాజ్‌లో ఒక పాత బిల్డింగు. కింద పాకిస్తానీ టైలర్ షాపు, పైన ఏసీ గదిలో ఆరు కంప్యూటర్లు. అయిదింటి తెరల మీద గోడౌన్ గేట్ల దగ్గర లారీలు కదులుతుంటాయి, ఆరోదాని మీద చేపలు. ఆ ఆరోదాని ముందు ఇస్సాక్ కూర్చుంటాడు. రియాద్ నడిబొడ్డున, చుట్టూ ఎడారి పెట్టుకుని, పొద్దస్తమానం నీళ్ళు చూసే ఉద్యోగం! చెప్తే నమ్మరు గానీ ఉంది.

ఎక్కడో ఉత్తరాన చలిదేశంలో ఒక ఏరు. సముద్రంలోంచి సాల్మన్ చేపలు దానికి ఎదురెక్కుతాయి, పైన గులకరాళ్ళలో గుడ్లు పెడతాయి, బతికి బట్టకట్టినవి మళ్ళీ సముద్రానికి దిగుతాయి. ఆనకట్ట పక్కన వాటికోసం మెట్లలాగా ఒక దారి కట్టి, అందులో కెమెరా పెట్టారు. కొన్ని చేపల వీపుకి నంబరు పట్టీ కూడా కుట్టారు. కెమెరా ముందు ఏది కదిలినా ఆ వీడియో ముక్క ఇక్కడికొస్తుంది. చేపైతే ‘ఎక్కింది’ అనో ‘దిగింది’ అనో నొక్కాలి. ఆకో చెత్తో అయితే ‘ఖాళీ’ అని నొక్కాలి. అంతే పని.

ఇస్సాక్‌ది గోదారి పాయ ఒడ్డున వేటగాళ్ళ పేట. దమ్మామ్‌లో ఇరవై రెండేళ్ళు పడవల మీద బతికాడు. తాడు చుట్టుకుని కుడిచేతి వేళ్ళు రెండు పోయాక పడవవాళ్ళు ఇంక వద్దన్నారు. చేప సంగతి తెలిసిన మనిషి కావాలని ఉదయకిరణ్ వెతికి తెచ్చి, సౌదీలో ఉండటానికిచ్చే ఇకామా కార్డు మార్పించాడు. ఉదయకిరణ్ ఆ ఆఫీసుకి సూపర్‌వైజర్, కరీంనగర్ కుర్రాడు. వయసులో సగం ఉంటాడు.

“కాకా, నీ కండ్లు కంప్యూటర్ కన్న నయం” అనేవాడు ఎప్పుడూ.

మార్చిలో ఒకరోజు చాయ్ పట్టుకొచ్చి చల్లగా చెప్పాడు. “గురువారం కెల్లి నీకు పని తక్కువ కాకా. ఆ మెట్ల దారి మూసి రిపేర్ చేస్తరంట. నీళ్ళన్ని కరెంటు మిషన్ల దిక్కు మలుపుతరంట.”

“మరి పైనున్న చేపలండీ?”

“ఏం చేపలు? ఎక్కినయి గని ఒక్కటి గూడ దిగలే గద. నువ్వు రాసిన లెక్కనే అది. అన్నీ సచ్చిపోయినయి అనుకుంటున్నరు వాళ్ళు.”

ఇస్సాక్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకంటే దిగాయి. తన కళ్ళతో చూశాడు. చూసి, ఒక్కోదానికీ ‘ఖాళీ’ అని నొక్కాడు.

మతిలేక కాదు. వాళ్ళ పేటలో ఒక కట్టు ఉంది. పులస ఎదురెక్కేటప్పుడు వలేస్తారు, లెక్కపెడతారు, గొప్పలు చెప్పుకుంటారు. గుడ్లు పెట్టి దిగే చేప మాత్రం బాలింత. వలలో పడితే వదిలెయ్యాలి. లెక్కపెట్టకూడదు, నోటితో అనకూడదు, దిష్టి. చలిదేశపు చేప నీరసపడి, చిక్కి సగమై, తల ఎదురునీటికే పెట్టుకుని తోక ముందుగా జారుతూ వస్తుంటే ఇస్సాక్‌కి తలొంచుకోవాలనిపించేది. మిగిలిన వేళ్ళతో ‘ఖాళీ’ నొక్కి, పద తల్లీ అనుకునేవాడు. ఆ లెక్కని నమ్మి ఎవరో నీళ్ళు మళ్ళిస్తారని కలగన్నాడా పాపం!

చాయ్ చల్లారిపోయింది. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పైనున్న చేప ఆ మరల్లో పడి ముక్కలవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని తెలుసు. ఊళ్ళో కూతురు కావ్య నర్సింగ్ ఆఖరేడు చదువుతోంది, ఈ నెలే ఇకామా రెన్యువల్. నోరు మూసుకుంటే అడిగే నాథుడు లేడు. అయినా రూతమ్మ గుర్తొచ్చింది.

రూతమ్మ అతని భార్య. కావ్యని కన్న తొమ్మిదో రోజున పోయింది. కాన్పయిందని తెలిసిన రోజు ఇస్సాక్ దమ్మామ్ రేవు నుంచి ఫోన్ చేశాడు. ఆడపిల్లన్నారు, బరువు చెప్పారు, ఏడుపు వినిపించారు. రూతమ్మ ఎలా ఉందని అతను అడగలేదు. బాలింత మాట ఎత్తకూడదు కదా! అప్పటికే ఆమె ఒళ్ళు కాలిపోతోంది. పడవ మళ్ళీ ఒడ్డుకొచ్చేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. ఒక్క మాట అడిగుంటే ఎవరైనా వెళ్ళి ఒంటి మీద చెయ్యేసి చూసేవారేమో. ఆ అడగని మాట ఇన్నేళ్ళుగా అతనితోనే ఉంది.

లేచి ఉదయకిరణ్ బల్ల దగ్గరికెళ్ళాడు. “దిగాయండి బాబూ. నేనే ఖాళీ అని కొట్టేశాను.”

“పరాచకాలా కాకా?”

సంగతంతా చెప్పాడు. ఉదయకిరణ్ తల పట్టుకున్నాడు. “బాలింతేంది కాకా! అది చేప!”

“ఆయ్, చేపేనండి. కన్నది కాదాండి?”

“సరే, ఎన్ని దిగినయి? అదన్న చెప్పు.”

“లెక్క నన్నడక్కండి. ఒక్కోదాన్నీ చెప్తాను, మీరే లెక్కెట్టుకోండి.”

కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. మూతి గీరుకుపోయింది ఒకటి. ఎర్ర పట్టీది ఒకటి. పొట్ట మీద పాత కాటున్నది. ఒకదాని వెనక ఒకటి వచ్చినవి రెండు. ఉదయకిరణ్ ముందు వేళ్ళు మడిచాడు, తర్వాత కాగితం తీశాడు. ఇరవయ్యారు. పారేసిన వీడియోల్లో వెతికితే ఒక్కటీ తప్పలేదు.

“ముప్పై ఎనిమిదో నంబరు చేప ఇంకా పైనే ఉందండి” అన్నాడు ఇస్సాక్. “పసుపు పట్టీ. తోక చివర చీలిక.”

ఆ రోజే ఆనకట్టవాళ్ళకి మెయిలు వెళ్ళింది, మర్నాడు జవాబొచ్చింది. పది రోజులు ఆగుతారట, ఆపైన ఒక్క రోజు కూడా కుదరదట. ఆ పది రోజులయ్యాక ఈ ఆఫీసుకి మాత్రం ఇక చేపల పని లేదట. వీసా ఇచ్చిన సౌదీ యజమాని, కఫీల్, ఇస్సాక్‌కి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు, ఇక సౌదీ వదిలిపోవాల్సిందే. ఉదయకిరణ్ బతిమాలినా వినలేదు.

ఆ పది రోజులూ ఇస్సాక్ కుర్చీ వదల్లేదు. ఆకులొచ్చాయి, మంచుపెళ్ళలొచ్చాయి, పసుపు పట్టీ రాలేదు. పదో రోజు మధ్యాహ్నం అతని ఫ్లయిటు. తలుపు దగ్గర సంచి పెట్టుకుని, భుజం మీద తుండేసుకుని, పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

పదిన్నరకి ఒక ముక్క వచ్చింది. పసుపు పట్టీ. చీలిన తోక.

“ఎక్కుతున్నది కద కాకా, తల పైకే ఉంది” అన్నాడు ఉదయకిరణ్ వెనక నిలబడి.

“తల చూడకండి, గోడ మీద గీతలు చూడండి. జారిపోతోంది.”

చిక్కి, నల్లబడి, రెక్కలు చిరిగి, తోక ముందుగా మెల్లగా జారుతోంది ముప్పై ఎనిమిది. ఉదయకిరణ్ మౌస్ అందుకోబోయాడు. “నేను కొడ్తా కాకా. నీకు పట్టింపు కద.”

ఇస్సాక్ మౌస్ వదల్లేదు. తెర దగ్గరగా వంగి, “ఒంట్లో ఎలాగుందమ్మా?” అని అడిగాడు. కళ్ళు తుడుచుకోకుండానే ‘దిగింది’ మీద నొక్కాడు.

తర్వాత భుజం మీద తుండు తీసి కంప్యూటర్ మీద కప్పాడు. “ఇంక చూడకండి బాబూ, బాలింత” అని సంచి అందుకున్నాడు.