ఖాళీగా కూర్చున్న సర్వర్

ఎనిమిది నెలలుగా ఏ పనీ చేయక, గ్రాఫులో గీత కదలని వర్చువల్ సర్వర్ ఒకటుంటే, పొద్దున్నే తీసేశాను. దండగమారిదని తిట్టి మరీ, ఆనవాలు లేకుండా తీసేశాను. మధ్యాహ్నానికి మా ఆసుపత్రి అసలు సర్వర్ కుప్పకూలింది. రోగుల రిపోర్టులు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఆపరేషన్ గదిలోంచి డాక్టరమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. నాకంటే ముందు ఇక్కడ ఈ కంప్యూటర్ల ఏర్పాటంతా చేసి రిటైరైన మా బాబాయికి ఫోన్ చేశాను.

“కంగారెందుకురా? అసలుది పడిపోతే అందుకోవడానికి ఇంకోటి పెట్టాను కదా!”

“ఏది బాబాయ్?”

“ఎప్పుడు చూసినా ఖాళీగా కూర్చునుంటుంది చూడు, అదే. ఖాళీగా ఉండటమే దాని పని. ఇప్పుడు లేపు.”

సర్వర్ల జాబితా తెరిచాను; పడిపోయినదొక్కటే ఉంది.

“లేచిందా?” అన్నాడు బాబాయి ధీమాగా.

బల్ల మీద రెండో ఫోన్ మళ్ళీ మోగింది. డాక్టరమ్మ.