మార్చి ముప్పై ఒకటి వరకు చెల్లును

నేను ఒక లైసెన్సును. బండి నడిపే లైసెన్సును కాను, తుపాకీ లైసెన్సును అసలే కాను. నన్ను చూసి ఎవడూ భయపడడు. అరచేతిలో ఇమిడే అట్టముక్కను. పైన ముద్ర, ఎడమ పక్క కళ్లు సగం మూసిన ఫోటో, దాని కింద ఒక సంఖ్య. ఫోటోలో ఉన్నామె పేరు గేదెల పైడితల్లి. పడిపోయిన చేతులకు మళ్లీ పని నేర్పడానికి ఈమెకు అనుమతి ఉందని సాక్ష్యం చెప్పడమే నా ఉద్యోగం. అన్నిటికీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: మార్చి ముప్పై ఒకటి వరకు చెల్లును.

మనుషులకు పుట్టిన తేదీ ఒక్కటే రాసి ఇస్తారు. నాకు రెండు తేదీలూ ఒకేసారి రాశారు. అందుకు నాకు బాధ లేదు. ఆఖరి రోజు తెలిస్తే పని వాయిదా వెయ్యబుద్ధి కాదు. తెలియనివాళ్ల సంగతి అయిదేళ్లు గోడమీద నుంచి చూశాను.

నేను పుట్టింది రాష్ట్ర కౌన్సిల్ ఆఫీసు రెండో అంతస్తులో, వేడెక్కితే మొరాయించే ఒక ప్రింటరులో. దరఖాస్తు చూసిన గుమాస్తా, "అక్యుపంక్చరా అమ్మా? సూదులు గుచ్చుతావా?" అన్నాడు.

"సూదులు కాదు సార్. అక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు."

"ఏదైతేనేం" అని మీట నొక్కాడు. నా పుట్టుకలో మనిషి చూపిన శ్రద్ధ అంతే. అక్షరాలు తప్పు పడలేదు, అదే గొప్ప.

నన్ను సంపాదించడానికి పైడితల్లి పడిన పాటు మాత్రం చిన్నది కాదు. విజయనగరం పక్కన ఒక పక్షవాతం ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు ఆయాగా చేసింది. వారంలో రెండు రోజులు వచ్చే థెరపిస్టు భాగ్యరేఖ మేడమ్, పైడితల్లి ఒక ముసలమ్మ బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా విప్పుతున్న తీరు చూసి, "నువ్వు చదువుకో" అంది. ఊరి బడిలో పదోతరగతితో ఆగిపోయిన మనిషి పన్నెండేళ్ల తర్వాత ఇంటర్ కట్టింది. డిప్లొమా చేసింది. ఎముకల పేర్లు ఇంగ్లీషులో నోరు తిరక్క లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పింది. "బెడ్‌పాను ఎత్తడానికి ఎముకల పేర్లెందుకే?" అని తోటి ఆయాలు నవ్వారు. చేతిలో ఉండే ఇరవై ఏడు ఎముకల పేర్లూ తన చేతిమీదే బాల్‌పెన్నుతో రాసుకుంది. చెయ్యి కడిగిన ప్రతిసారీ చెరిగిపోయేవి. ప్రతిసారీ మళ్లీ రాసుకునేది. రెండోసారి నెగ్గింది. నవ్వినవాళ్లు స్వీటు అడిగారు. ఆమె పెట్టలేదు. మంచి పని చేసింది.

నన్ను ప్లాస్టిక్కులో బిగించి థెరపీ గదిలో మేకుకు తగిలించారు. ఆ గదికి వచ్చినవాళ్లు ముందు సూదుల కోసం చూస్తారు, తర్వాత కరెంటు పెట్టె కోసం. రెండూ ఉండవు. బల్లమీద చిక్కుడు గింజలు, బట్టల క్లిప్పులు, బొత్తాలు కుట్టిన గుడ్డ, బూటు లేసులు ఉంటాయి. అవి చూసి మొహం మాడ్చుకుంటారు. మాత్ర చేదుగా ఉంటేనే వైద్యమని నమ్మే జాతి.

ఇంకోటి చూశాను. పక్షవాతం వచ్చినవాడికి ఇంట్లోవాళ్లు అన్నం కలిపి ముద్దలు పెడతారు, బొత్తాలు పెడతారు, తల దువ్వుతారు. చూసేవాళ్లు ఎంత ప్రేమో అంటారు. పైడితల్లి ఒప్పుకోదు. "మీరు పెడితే మీ సెయ్యి బాగుంటాది, ఆయన సెయ్యి కాదు" అని స్పూను లాక్కుంటుంది. ఆమెను రాక్షసి అన్నవాళ్లున్నారు. అలా అన్నవాళ్ల ఇళ్లలో చేతులు ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. నేను జాలిపడలేదు.

నా గడువు తీరే మార్చికి ముందు డిసెంబరులో ఇజ్జాడ సన్యాసిరావు వచ్చాడు. ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరు. భార్య పోయి ఆరేళ్లు, కుడి చెయ్యి పడిపోయి అయిదు వారాలు. ముద్ద పెట్టేవాళ్లు లేరు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక పైన తువ్వాలు కప్పుకుని బస్సులో వచ్చేవాడు. పైడితల్లి చిక్కుడు గింజల పళ్లెం ముందుకు జరిపితే ఎడమచేత్తో వెనక్కి తోశాడు.

"నానేటి, బడికెల్లే గుంటడినా? గింజలేరమంటావు?"

"మరేటి సేసీవోడివి మావయ్యా?"

"టికెట్లు కొట్టీవోడిని."

"దేంతోటి?"

"పంచితోటి. ఇంకేటి, పళ్లతోటా?"

"రేపు అది అట్టుకురా" అంది ఆమె.

మర్నాడు తెచ్చాడు. నల్లగా నిగనిగలాడే ఇనప పంచి. మిషన్లు రాకముందు వెయ్యి చేతుల్లోని టికెట్లకు కన్నాలు పెట్టింది. పైడితల్లి పాత కేసు కాగితాలను టికెట్టంత ముక్కలుగా కత్తిరించి ముందు పెట్టింది. అతను కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో తీసి పంచి చుట్టూ అమర్చుకున్నాడు. వేళ్లు పట్టుకున్నాయి. నొక్కలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"మొదటి ఆరు నెలలే చెయ్యి బాగా మాట వింటుంది సన్యాసిరావుగారూ. మధ్యలో ఆపితే మళ్లీ బిగుసుకుంటుంది" అని భాగ్యరేఖ మేడమ్ చెప్పి, రోజూ చేయించాల్సినవి రాసి వెళ్లిపోయింది. అవి రోజూ చేయించాల్సింది పైడితల్లే. జనవరికి అతను పంచిని జారవిడవకుండా పట్టుకున్నాడు. ఫిబ్రవరికి కాగితం మీద గోటి గీతంత నొక్కు పడింది. కన్నం పడలేదు.

ఈలోగా నా గడువు దగ్గరపడింది.

నన్ను కొత్తచెయ్యాలంటే అయిదేళ్లలో చేసిన శిక్షణ తరగతుల సర్టిఫికెట్లు, ఆసుపత్రి ఇచ్చే పనిచేసిన పత్రం, పై థెరపిస్టు సంతకం కావాలి. ఆదివారాలన్నీ తరగతులకే పోగొట్టుకున్న పైడితల్లి దగ్గర ఒక్క కాగితం తక్కువ కాలేదు. జనవరిలోనే దరఖాస్తు నింపింది. ఫారం పైన "తెలుగులోనూ నింపవచ్చును" అని ఉంది. ఆమెకు సంతోషం వేసింది. ఇంగ్లీషు ఎముకలతో ఒకసారి దెబ్బ తిన్న మనిషి కదా. ఉద్యోగం అన్నచోట గుండ్రటి చేతిరాతతో, శుద్ధమైన తెలుగులో రాసింది: వృత్తి చికిత్స సహాయకురాలు.

తప్పు ఒక్క అక్షరం లేదు. అదే కొంప ముంచింది.

మార్చి నాలుగోవారంలో జవాబు వచ్చింది, వేరే శాఖ నుంచి. "వృత్తి విద్యా విభాగమునకు మీరు పంపిన దరఖాస్తు అందినది. కుట్టు లేదా అల్లిక పరీక్షలో ఉత్తీర్ణత పత్రము జతచేయనందున తిరస్కరించడమైనది." వృత్తి అన్న మాట చదివి, చికిత్స అన్న మాట వదిలేసి, ఎవరో మహానుభావుడు ఫైలును కుట్టుమిషన్ల వాళ్లకు పంపించాడు.

ఆసుపత్రి మేనేజరు ఉత్తరం చదివి నవ్వాడు. నవ్వు అయ్యాక, "ఒకటో తారీకు నుంచి లైసెన్సు లేకపోతే పేషెంటుని ముట్టుకోవద్దు. పాత వార్డులో ఆయా ఖాళీ ఉంది, చేసుకో. కొత్త అసిస్టెంటును చూడ్డానికి రెండు మూడు నెలలు పడుతుంది" అన్నాడు.

రెండు మూడు నెలలంటే సన్యాసిరావుకు మిగిలిన నెలలన్నీ.

ఆ మధ్యాహ్నం ఆమె అతనికి ఉత్తరం చదివి వినిపించింది. అతను నవ్వలేదు.

"కుట్టుమిషనేటి? వాడికి తెలుగు రాదేటి?" అన్నాడు. "నా వృత్తేటి? టికెట్టు కొట్టడం. ఆ కొట్టీ సెయ్యి పోయింది. దానికి నువ్వు మందు సేస్తన్నావు. వృత్తి చికిత్సంటే అదే గదా! నాకు తెలిసింది, ఆ ఆఫీసోడికి తెల్దా?"

అయిదేళ్లలో ఆ మాటకు అర్థం చెప్పినవాడు అతనొక్కడే.

"నువ్వెల్లు పిల్లా. సంతకం కాయితం సేతిలో పడీదాకా కుర్సీ ఒదలొద్దు. సీటు ఒదిలితే ఇంకోడు కూకుంటాడు. నా సర్వీసంతా సూసినాను."

ఆమె నన్ను మేకు నుంచి తీసి ఫైల్లో పెట్టుకుని తెల్లవారుజాము రైలెక్కింది.

కౌన్సిల్ ఆఫీసులో అదే రెండో అంతస్తు, అదే గుమాస్తా. అయిదేళ్లలో జుట్టు తగ్గింది, తీరు తగ్గలేదు.

"మా దగ్గర నీ ఫైలు లేదమ్మా. కుట్టువాళ్ల దగ్గరికెళ్లు, ఎదురు బిల్డింగు."

ఎదురు బిల్డింగువాళ్లు తిరస్కరించాక తమకు సంబంధం లేదన్నారు. కానీ ఫైలు బీరువాలోనే ఉంది. ఆమె అక్కడ బీరువా ముందు నిలబడి, ఇచ్చేదాకా కదల్లేదు. సాయంత్రానికి దాన్ని చంకలో పెట్టుకుని తిరిగి వచ్చింది.

"దొరికిందా?" అన్నాడు గుమాస్తా, దొరకడం ఆమె తప్పన్నట్టు. "ఇంగ్లీషులో రాసుంటే ఈ తిప్పలుండేవి కావు. సవరణ పెట్టాలి, పదిహేను రోజులు పడుతుంది."

"ముప్పై ఒకటికి ఆరు రోజులే ఉన్నాయి సార్."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"మీరు సెయ్యాల్సింది సెయ్యండి సార్. నేనిక్కడే కూర్చుంటాను" అని ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

మూడు రోజులు ఆఫీసు తెరిచేసరికి ఆ కుర్చీలో ఉంది, మూసేదాకా ఉంది. ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. మూడోరోజు గుమాస్తా ముద్ర వేసిన ప్రతిసారీ బొటనవేలు విదిలించుకోవడం చూసి లేచింది. సంచిలోంచి ఒక స్పాంజి గొట్టం తీసింది. వేళ్లు బిగించలేనివాళ్ల స్పూన్లకు తొడిగేది. దాన్ని అతని ముద్ర పిడికి తొడిగి ముందు పెట్టింది.

"ఇప్పుడు కొట్టండి."

కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బొటనవేలు విదిలించుకోలేదు.

"ఏమిటిది?"

"నా పని ఇదే సార్. అయిదేళ్ల కిందట మీరడిగారు, సూదులా అని."

అతను మంచివాడైపోయాడని నేను చెప్పను. నొప్పి తగ్గిన మనిషి కాసేపు పని చేస్తాడు, అంతే. ఆ కాసేపు చాలింది. ఫైలు లోపలికి వెళ్లింది, సంతకమై వచ్చింది. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం అదే ప్రింటరులోంచి నా తమ్ముడు పుట్టాడు. వాడి ఫోటోలో ఆమె కళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి.

"పాతది రద్దుచేస్తే గానీ కొత్తది చెల్లదు" అన్నాడు గుమాస్తా. "నంబరు మీద కన్నం పెట్టాలి. మా మిషను చెడిపోయింది. రేపు సాయంత్రం అయిదింటిలోపు ఎక్కడైనా పెట్టించి ఫోటో పంపు."

మర్నాడు మార్చి ముప్పై ఒకటి. ఆమె రైలు దిగి సరాసరి ఆసుపత్రికి వచ్చింది. సన్యాసిరావు అప్పటికే బల్ల ముందు ఉన్నాడు. ఆమె లేని ఆరు రోజులూ పంచి ఇంటికి తీసుకెళ్లి నొక్కుతూనే ఉన్నాడట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడలేదు. ఆమె నన్ను అతని ముందు పెట్టింది.

"మావయ్యా, ఈ నంబరు మీద కొట్టు."

"ఇది టికెట్టు కాదే, అట్ట! పైన పిలాస్టీకు!"

"తెలుసు."

"నువ్వే కొట్టీ. టయిమైపోతాది."

"నా సెయ్యి బాగానే ఉంది" అంది ఆమె.

సాయంత్రం నాలుగైంది. మొదటిసారి పంచి నా మీంచి జారిపోయింది. రెండోసారి నొక్కు పడింది. తలుపు దగ్గర మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "ఏమ్మా, కన్నమే కదా, నే కొట్టనా?" అన్నాడు. ఆమె తల తిప్పలేదు. నాలుగున్నర. సన్యాసిరావు కణతల మీద నరాలు ఉబ్బాయి. నుదుటి చెమట నా మీద పడింది. ఎడమచెయ్యి సాయానికి రాబోతే ఆమె దాన్ని బల్లకేసి అదిమి పట్టింది. ఎవరి కోసం ఎవరు పని పోగొట్టుకోబోతున్నారో ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఆమె ఆ ఎడమచెయ్యి వదల్లేదు. అయిదుకు పది నిమిషాలుంది. అతను పళ్లు బిగించి, గొంతులోంచి ఒక మూలుగు తీసి నొక్కాడు.

టిక్.

నా సంఖ్యలో మూడో అంకె గుండ్రంగా తెగి నేలమీద పడింది.

సన్యాసిరావు నన్ను కుడిచేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకెత్తాడు. కన్నంలోంచి కిటికీ వైపు చూశాడు.

"నీ స్టేజీ వచ్చీసింది. దిగు" అన్నాడు నాతో. తర్వాత పైడితల్లి వైపు తిరిగి, "రైట్, రైట్" అన్నాడు.

ఆమె ఫోటో తీసి పంపింది. నా తమ్ముణ్ని నా మేకుకు తగిలించింది. వాడు ఇప్పుడు అక్కడి నుంచి అన్నీ చూస్తున్నాడు. చూడనీ. నేర్చుకోవాల్సింది చాలా ఉంది వాడికి.

నేను చెత్తబుట్టలోకి పోతాననుకున్నాను. పోలేదు. బల్లమీద బూటు లేసుల పక్కన పెట్టింది. ఏప్రిల్ ఒకటో తారీకు ఉదయం సన్యాసిరావు వచ్చి కూర్చోగానే నన్నూ, ఒక లేసునూ ముందుకు జరిపింది. "కన్నం నువ్వే ఎట్టినావు. ఇప్పుడందులోంచి లేసు తియ్యి."

"నానేటి గుంటడినా?" అన్నాడు అతను. అంటూనే లేసు అందుకున్నాడు.

తువ్వాలు లేదు. చొక్కాకు మూడు బొత్తాలు పెట్టి ఉన్నాయి, వంకరగా, ఒకటి తప్పు కాజాలో. ఎవరూ సరిచెయ్యలేదు.