వంటింటి ఏసయ్య

వెంకటముని ఇంట్లో వంట ఆగలేదు, తినడమే ఆగింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం రసం అన్నం, పొద్దుగూకితే గంజి, అన్నీ వేళకు తయారవుతున్నాయి. వేళకే వనజాక్షి ముందుకు వస్తున్నాయి. ఆమె ముందే చల్లారి, తొరక కట్టి, చివరికి వీధికుక్క పాలవుతున్నాయి. ఆ ఇంటి మీద ఆధారపడి ఒళ్లు చేస్తున్నది ఆ కుక్క ఒక్కటే.

వనజాక్షిది మతిమరుపు జబ్బు. మొదట ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. తరవాత కొడుకు పేరు మరిచిపోయింది. ఆషాఢం, వాళ్ల లెక్కలో ఆడి నెల, వచ్చేసరికి కట్టుకున్నవాణ్ణే మరిచిపోయింది. వెంకటముని గదిలోకి వస్తే ఎవరో పరాయి మగవాడు వచ్చినట్టు కొంగు సర్దుకుని ఒదిగి కూర్చుంటుంది. ఆ బాధను ఆయన ఎలాగో దిగమింగుకున్నాడు. మగ్గం మీద పుట్టి మగ్గం మీద పెరిగిన మనిషికి తెగిన పోగును చూసి ఏడ్చే అలవాటు ఉండదు. కానీ ఈ తిండి సంగతి మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.

తిరువళ్లూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు శశికుమార్ వచ్చి తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఈ జబ్బు ముదిరితే ముద్ద మింగడం కూడా మరిచిపోతారని డాక్టరు చెప్పాడు. సోమవారం లోపల ఏమైనా తింటే సరి, లేకుంటే చేర్చండి, ముక్కులోంచి గొట్టం వేద్దాం అన్నాడు. ఆ గొట్టం వేసిన ముసలమ్మ ఒకామె వార్డులో పడుకుని ఉంది. పీకేసుకోకుండా ఆమె రెండు చేతుల్నీ మంచానికి గుడ్డపేలికలతో కట్టారు. వనజాక్షి తిన్నగా ఆ మంచం దగ్గరికి పోయి ముడి విప్పబోయింది. నర్సు గదిమింది. వనజాక్షి చేతులు వెనక్కి తీసుకుని, తప్పు చేసిన పిల్లలా గోడకు ఆనుకుంది.

వెంకటముని కళ్లారా చూశాడది. ఎంత సన్నని నూలైనా ముడి కనబడకుండా అతికే వేళ్లు వనజాక్షివి. రేపు ఆ వేళ్లనే మంచానికి కడతారు. ప్రాణం పోయినా ఆ పని జరగనివ్వకూడదని అక్కడే, వార్డులోనే, పళ్లు బిగించి అనుకున్నాడు. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు. తినాల్సింది ఆమె కదా.

ఇంటికొచ్చాక వంటంతా తానే చేశాడు. ముద్దలు కలిపి నోటి దగ్గర పెట్టాడు. ఆమె పెదవులు బిగించింది. బతిమాలాడు, కసిరాడు, మళ్లీ బతిమాలాడు. ఆమె కంచం ముందు బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంటుంది. కాసేపటికి కళ్లు తెరిచి అటూ ఇటూ చూస్తుంది. మళ్లీ మూసుకుంటుంది. నిద్ర వస్తోందేమో అనుకున్నాడు ఆ అమాయకుడు.

అమాయకుడని ఎందుకంటున్నానంటే, ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం అన్నం తినడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. అరవదేశంలోని ఆ తెలుగు నేతగాళ్ల ఇళ్లలో పద్ధతే అంత. మగవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని మగ్గం గుంటలోకి దిగాక ఆడవాళ్లు వంటింట్లో మూలన కూర్చుని తింటారు. ఆమె కుడిచేత్తో కలుపుకుంటుందా, ముందు పులుసు పోసుకుంటుందా రసమా, ఆయనకు తెలియదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అదే మర్యాద అనుకుని ఇద్దరూ ముసలివాళ్లయ్యారు.

శుక్రవారం ఆమె కళ్లు తెరిచినప్పుడు వెంకటముని ఎదురుగా వంగి అడిగాడు.

"ఎవరి కోసం చూస్తా ఉండావు మే?"

"ఇంకా పిలవలా," అంది వనజాక్షి, మెల్లగా.

కొడుకునేమో అనుకుని ఫోను చేశాడు. శశికుమార్ ఆఫీసు నుంచి అటే వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె అతన్ని ఆదరంగా చూసి, తన కంచం అతని ముందుకు జరిపింది, వచ్చినవాళ్లకు పెట్టాలి కదా అన్నట్టు. కొడుకు బయటికి వెళ్లి ముఖం తుడుచుకున్నాడు. సోమవారం పొద్దున్నే కారు తెస్తానని తండ్రికి చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడు తట్టింది వెంకటమునికి, ఆమె పిలవాలంటున్నది ఎవరినో.

ఆ కథ పాతది. వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టి, నడక రాకముందే జ్వరంతో పోయింది. ఇంటికి అంటు. దీపం లేదు, గుడి లేదు, గడప దాటి చుట్టం రాడు. మగవాడు మగ్గం మీద పడి దుఃఖం మరిచాడు. వనజాక్షి పాలు కట్టిన రొమ్ములతో గోడవైపు తిరిగి పడుకుంది. ఆ అంటు రోజుల్లోనే కడంబత్తూరు నుంచి నూలు పని మీద వచ్చిన, ఏసును నమ్ముకున్న ఇద్దరు ఆడవాళ్లు సంగతి విని లోపలికొచ్చారు. నేల మీద ఆమె పక్కనే కూర్చున్నారు. ఆ ఇంటి నీళ్లు అడిగి తాగారు. ఆ తరవాత వనజాక్షి ఏసును నమ్ముకుంది.

వెంకటముని పెద్ద గొడవేమీ చెయ్యలేదు. ఏటేటా ఆడి కృత్తికకు తిరుత్తణి మురుగన్ కొండకు కావడి మోసే మనిషి ఆయన. నా దేవుడు కొండమీద, నీ దేవుడు కడంబత్తూరులో, ఇంట్లో ఇద్దరి పేరూ వద్దు అన్నాడు. ఆమె సరేనంది. ఆదివారం రైలెక్కి పోయేది, మధ్యాహ్నానికి వచ్చి వంట చేసేది. అంటే ఆదివారం పొద్దుటి భక్తి, అంతే అనుకున్నాడు. ఆరు రోజులు మన మనిషి, ఒక పూట వాళ్ల మనిషి. బేరం బాగానే ఉందనుకున్నాడు.

శనివారం వరసకు అక్క అయిన పచ్చయమ్మను ఇంట్లో కాపలా పెట్టి కడంబత్తూరు వెళ్లాడు. అక్కడి ఆరాధన గది ముందు చెప్పులు విప్పి, నుదుట విభూతితోనే వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి పోవచ్చో కూడదో తెలియలేదు. ప్రార్థన నడిపించే జెనిఫర్ బయటికొచ్చి, వనజాక్షి భర్త అని తెలిసి, అడిగిన వెంటనే బయలుదేరింది. దారి పొడుగునా వనజాక్షి ఎంత మంచిదో చెబుతూనే ఉంది. తన పెళ్లాం గురించి తనకు తెలియని మంచి ఇంత ఉందా అని వెంకటమునికి చిన్నతనమనిపించింది.

జెనిఫర్ కంచం ముందు మోకరించి ప్రార్థించింది. చక్కని అరవం, ఆరాధనలో మైకు ముందు చెప్పినట్టే ఒక్క మాట తడబడకుండా చెప్పింది. పక్కింటివాళ్లు కూడా గడపలో నిలబడి విన్నారు. వనజాక్షి ఆ స్వరం విని కొంగు తల మీదికి లాక్కుంది. చివర్న ఆమెన్ కూడా అంది. వెంకటముని ఆత్రంగా ముద్ద కలిపాడు. ఆమె పెదవులు బిగించి మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇంకోసారి చేసింది జెనిఫర్. ఇంకోసారి ఆమెన్ అంది వనజాక్షి. ముద్ద మాత్రం ముట్టలేదు. జెనిఫర్ ఆమె తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏడ్చింది. డాక్టరు చెప్పిందే నిజమేమో అయ్యా, కొండంత దేవుడు తోడుంటాడు, గొట్టం వేసినా ఆమెను విడిచిపెట్టడు అని ధైర్యం చెప్పి రైలుకు వెళ్లిపోయింది. ఆమె దేవుడు విడిచిపెట్టడు సరే, ఆ చేతులు కట్టకుండా చూసేదెవరు అని వెంకటముని గుంటలో కాళ్లు పెట్టుకుని, ఆగిన మగ్గం ముందు ఊరికే కూర్చున్నాడు. ఆయనకు ఆ పూట ఇద్దరు దేవుళ్ల మీదా కోపమొచ్చింది.

ఆదివారం పొద్దు నడినెత్తికెక్కే వేళ పచ్చయమ్మ గిన్నెలో మిరియాల రసం తెచ్చింది. మగ్గానికి కొత్త పడుగు వచ్చినప్పుడల్లా పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేలకొద్దీ పోగులు. వేళ్లకు బూడిద రాసుకుని ఆమె, వనజాక్షి ఎదురెదురుగా కూర్చుని ఎన్నేళ్లు అతికారో లెక్కలేదు. జెనిఫర్ వచ్చి పోయిన సంగతి, ఇంకా పిలవలేదన్న మాట వెంకటముని ఆమెకు చెప్పాడు.

"ఆయమ్మ అరవంలో పిలిచింది మునీ," అంది. "వనజ అట్ల పిలవదు. అరవం ఆ ఏసు గుడి కాడే. ఇంట్లో మన మాటే. పోగు పోగుకీ ఆయనతో మాట్లాడతా ఉంటాది. ఏసయ్యా, ఇది తెగింది చూడు అంటాది. ఏసయ్యా, పులుసులో ఉప్పెక్కువైంది, ఏమంటారో అంటాది. మొదట్లో నాకు భయమేసింది, దీనికి పిచ్చి పట్టిందని. అన్నం కాడ కూడా అంతే. ఈ పూట ఏమేమి వండిందో ఆయనకు చెప్పినాకనే చెయ్యి పెడతాది. నీ చెవిన పడితే నీకు కోపమని గొంతులోనే చెప్పుకునేది. ఇప్పుడు ఆ పిలిచే మాటే మరిచిపోయి కూర్చోనుంటాది."

వెంకటముని వంటింటి మూల వైపు చూశాడు. తాను పక్కగదిలో మగ్గం తొక్కుతున్నంత కాలం వంటింట్లో ఆమె ఒంటరిగా లేదు. ఆ సంగతి ఊరికంతా తెలుసేమో, తనకే తెలియదు. ఆయన మనసులో అసూయ కూడా కొంత ఉంది. ఎందుకు దాచాలి, ఉంది.

"అంత ఎందుకక్కా?" అన్నాడు. "దేవుడంటే ఒక దినం, ఒక పండగ. పొయ్యి కాడికి, ఉప్పు కాడికి ఎందుకు ఆయన?"

"నేనూ అడిగినా," అంది పచ్చయమ్మ. "అది ఏమనిందో తెలుసునా? కొండమింది స్వామి గొప్పోడే వదినా. ఆయన కాడికి పోవాలంటే నేను తలకు పోసుకోవాల, మంచి కోక కట్టాల, దినం చూడాల. నా బిడ్డ పోయిన పొద్దు నాకు లేచే శక్తి లా. ఒళ్లంతా పాలకంపు. ఈ ఏసయ్య అంటు అనకుండా నేను పడుకున్న కాడికే వచ్చినాడు. అట్ల వచ్చినాయన్ని మళ్లా వాకిట్లో నిలబెట్టి ఆదివారం రమ్మనేది ఎట్ల? వంటింట్లోనే ఉండమన్నా. ఇట్ల అనింది మునీ."

రసం గిన్నె అక్కడ పెట్టి పచ్చయమ్మ కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది.

వెంకటముని లేచి అన్నం వార్చాడు. వంకాయ పులుసు వేడి చేశాడు. వనజాక్షిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ వంటింట్లోకి తీసుకొచ్చి, ఆమె మూలనే కూర్చోబెట్టాడు. కంచం పెట్టాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చెంపలు లోపలికి పోయి, ముఖంలో ఎముకలు బయటపడ్డాయి. రేపీపాటికి ఆ చేతులు మంచం కమ్మీకి కట్టి ఉంటాయి.

నోరు తెరిచాడు. ఆ నోటికి ఒక్క పేరే అలవాటు. దగ్గినా మురుగా, తుమ్మినా మురుగా. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కొండ ఉన్న దిక్కుకు ఒకసారి చూశాడు. అలిగితే అలుగు స్వామీ, ఇది నా పెళ్లాం అని మనసులో అనుకున్నాడు. వచ్చి ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకున్నాడు. చొక్కా లేని ఒంటిమీద విభూతి చారలు అలాగే ఉన్నాయి.

"ఏసయ్యా," అన్నాడు. గొంతు తనది కానట్టు వినిపించింది. "ఏసయ్యా, ఈ పూట వంకాయ పులుసు. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలీదు, నేను చేసింది. పచ్చయమ్మక్క మిరియాల రసం తెచ్చి ఇచ్చింది. అన్నం కొంచెం మెత్తగయ్యింది. వనజ తిని చానా దినాలయింది. నువ్వు ఈడనే ఉండావంట గదా, నాకు తెలీదు. ఉంటే ఇంత తినమని చెప్పు."

వనజాక్షి కళ్లు తెరిచింది. కంచంలోకి చూసింది. చాలా రోజుల తరవాత ఆమె ముఖం కొద్దిగా విప్పారింది. వెంకటముని చిన్న ముద్ద పెట్టాడు. ఆమె నోరు తెరిచింది. నమిలింది. మింగింది. ఆ గొంతు కదలడం చూసి ఆయన ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఏడుస్తూనే రెండో ముద్ద కలిపాడు.

రెండో ముద్ద మింగాక ఆమె వంటింటి గోడవైపు చూస్తూ, గొంతులోనే, ఎవరూ వినకూడనట్టు మొదలుపెట్టింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఏసయ్యా, మా ఆయన మగ్గం కాడ ఉండాడు. కోపిష్టి, కానీ మంచోడు. బిడ్డ పోయినప్పుడు ఆయన ఏడవలా, ఇంకా అట్లనే లోపల పెట్టుకోనుండాడు. ఆయన నిన్ను ఒక్కసారి నోరార పిలిస్తే చాలు. అంతకు మించి నాకేమీ వద్దు."

రోజూ పూటపూటా తాను చెయ్యి కడుక్కుని వెళ్లాక ఈ వంటింట్లో జరుగుతూ వచ్చింది ఇదన్నమాట. వెంకటముని ముద్ద చేతిలో పట్టుకుని ముందుకు వంగాడు. ఆమె కళ్లలోకి చూస్తూ, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"పిలిచినాడు మే. ఇప్పుడే గదా పిలిచినాడు. ఆ మనిషిని నేనే."

వనజాక్షి ఆయన్ను తేరిపార చూసింది. ఎవరో దారిన పోయే దయగల మనిషి తన కోసం మంచి మాట చెబుతున్నాడని అర్థం చేసుకున్నట్టు నవ్వింది. కొంగు సర్దుకుంది.

"మీకు తెలీదులేయ్యా," అంది. "ఆయన పిలిచే మనిషి కాదు."

అని తరవాతి ముద్ద కోసం నోరు తెరిచింది.