రెండు ముడుల మూట

ముడి విప్పడానికి ఆవిడకు గోళ్లు అక్కర్లేదు. బొటనవేలితో ముడి మెడ మీద ఒక్క నొక్కు నొక్కి, దుప్పటి కొసను వెనక్కి తోస్తే ఎంత మొండి ముడైనా వదులయ్యేది. ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రి అడుగు అంతస్తులో, బట్టలుతికే గదిలో ఆవిడ పని అదే. పై వార్డుల నుంచి మాసిన దుప్పట్లు మూటలై రేకు గొట్టంలోంచి దభీమని జారిపడతాయి. ఆవిడ విప్పి, దులిపి, రక్తం మరకలవి ఒక పక్కకూ మందు మరకలవి ఒక పక్కకూ వేరుచేసి యంత్రాలకు అందిస్తుంది. తోటివాళ్లు అసలు పేరు ఏనాడో మరిచి ముడులమ్మ అంటారు. హాజరప్పుడు అసలు పేరు వినబడితే ఎవరినా అని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

మామూలు మూటకు ఒక ముడి. మనిషి పోయిన మంచం దుప్పట్లకు రెండు. వాటిని విడిగా, మరిగే నీళ్లలో ఉతకాలి. రెండు ముడుల మూట పడ్డప్పుడల్లా ముడులమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి, "తండ్రీ, నీ బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు" అనేది. ఆడో మగో, ఏ మతమో కూడా తెలియదు. ఇస్త్రీ చేసే పిన్ని మొదట్లో నవ్వేది, ఎవరికి పడితే వాళ్లకి సిఫారసులు చేస్తే పైనాయన విసుక్కోడా అని. తర్వాత తర్వాత, ముడులమ్మ సెలవు పెట్టిన రోజున, అటూ ఇటూ చూసి తనే ఆ మాట గొణిగేది.

పరాయివాళ్ల చావుకు ఆ మాట అనడం తేలికే. సొంత మనిషి, కట్టుకున్నవాడు, నాలుగో అంతస్తులో పద్నాలుగో మంచం ఎక్కి పందొమ్మిది రోజులైంది, ఆవిడ నోట ఒక్క ప్రార్థన తిన్నగా వెలువడలేదు. ఆయన ముప్పై ఏళ్లు గోడలు గీకి రంగులు వేశాడు. గీకిన పొడి సగం ఊడ్చి పారేశారు, మిగతా సగం ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది.

పాస్టరుగారు మంచివాడే. వారం కిందట వచ్చి, ఆయన తల మీద చెయ్యి వేసి ప్రార్థించి, బయటికి వచ్చాక, "అక్కా, స్వస్థత వచ్చేసిందని నమ్ము. ఆవగింజంత సందేహం కూడా పెట్టుకోకు" అన్నాడు. ధైర్యం చెబుదామనే అన్నాడు. ఆవిడకది గుండెలో ముల్లయి కూర్చుంది. పెట్టుకోకూడదంటే, ఉన్నదాన్ని మరెక్కడ పెట్టాలి? ఇరవై రెండేళ్లు దుప్పట్లు చూసిన కళ్లు ఆవిడవి. ఆయన దిండు మీది మరక చూస్తే ఇంకెన్నాళ్లో తెలిసిపోతోంది. తెలిసినదాన్ని తెలియనట్టు ఉండడమే విశ్వాసమైతే అది తనకు లేదు. తన సందేహమే ఆయన్ని మింగేస్తుందేమోనని హడలిపోయి, మూడు రోజులుగా ఉపవాసం ఉంటోంది. మంచినీళ్లు తప్ప ముట్టలేదు. భయం తగ్గలేదు సరికదా, మూటలు ఎత్తే సత్తువ కూడా పోయింది.

ఆ ఉదయం పనిలోకి దిగేముందు పైకి వెళ్లింది. ఆయన బుగ్గలు లోపలికి పోయి, ముక్కుకు గొట్టంతో, ఎదురుగోడను ఎగాదిగా చూస్తున్నాడు. అడుగు పూత సరిగ్గా వెయ్యలేదనీ, రెండేళ్లలో పెచ్చులూడుతుందనీ తీర్పు చెప్పాడు. చావు ముంచుకొస్తున్నా పనిలో తప్పులెన్నడం మానని మనిషి. ఆవిడకు నవ్వు రాకపోగా ఏడుపు తన్నుకొచ్చింది. మంచం పట్టె పట్టుకుని, ఎవరికీ చెప్పనిది చెప్పేసింది.

"నాకు నమ్మకం కుదరట్లేదయ్యా. మోకరిస్తే నువ్వు పోయినట్టే కనబడుతోంది. నావల్లే నీకేమైనా అయితే?"

ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"పిచ్చిదానా. దేవుడు నీ నమ్మకం మీద నిలబడ్డాడా ఏంటి, నువ్వు తూలితే పడిపోడానికి? నీకు చేతకానప్పుడు ఆయనే పట్టుకుంటాడులే. ముందు ఆ ఉపవాసం మాని ఏదన్నా తిను."

ఆదివారం తప్ప బైబిలు తెరవని మనిషి తనకు బోధ చెయ్యడమేమిటని ఆవిడకు కోపమొచ్చింది. తినననేసి చరచరా దిగివచ్చేసింది. మొదటి మెట్టు దగ్గరే ఆ కోపానికి సిగ్గుపడింది గాని, అప్పటికే పనికి వేళయింది.

మధ్యాహ్నం మూడో యంత్రం మొరాయించింది. మూటలు నడుమెత్తు పేరుకుపోయాయి. మూడు గంటలు దాటాక గొట్టంలోంచి రెండు ముడుల మూట వచ్చి పడింది. మనసు నాలుగో అంతస్తులో ఉన్నా చెయ్యి అలవాటు తప్పలేదు. అరచెయ్యి ఆనించి, "తండ్రీ, నీ బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు" అంది. పందొమ్మిది రోజులుగా తిన్నగా రాని ప్రార్థన ఈసారి తడబాటు లేకుండా వచ్చింది. రెండు ముడులూ విప్పింది. దుప్పటి మూలన నల్ల సిరాతో అంతస్తు నాలుగు, మంచం పద్నాలుగు అని ఉంది.

పైనున్న ఆయా కొత్తపిల్ల. పోయిన నెల ఇంటికి నడిచివెళ్లిన మనిషి దుప్పటికీ రెండు ముడులు వేసి పంపితే అందరూ నవ్వుకున్నారు. ఇదీ అంతేనేమో. ప్రభువా, ఆ పిల్ల తప్పు చేసి ఉండాలి, ఈ ఒక్కసారికీ తప్పు చేసి ఉండాలి. పైకి వెళ్లి చూస్తే తేలిపోతుంది. తేలిపోతుందనే ఆవిడ కదల్లేదు.

కాసేపటికి ఆ పిల్లే మెట్లు దిగి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నిద్రలోనే పోయారు పెద్దమ్మా. ఎప్పుడూ చేసినట్టే మంచం సర్దేసి మూట వేసేశాను. ముందు మీకు చెప్పాలని తోచలేదు."

ముడులమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. ఆయన దుప్పటని తెలిసుంటే ఆ మాట అనేదే కాదు. మూట గుండెకు అదుముకుని, ఇవ్వను పొమ్మనేది. దేవుడు దొంగదెబ్బ తీశాడనిపించింది. తనకు చేతకాని మాటను తన నోటితోనే ఆ దేవుడు పలికించుకున్నాడనీ అనిపించింది. రెంటిలో ఏది నిజమో తేల్చుకునే ఓపిక ఒంట్లో లేదు.

పిన్ని ఇస్త్రీ వదిలి వచ్చి, రెక్క పట్టి లేపి, పైకి వెళదాం పదమంది.

"ఇవి వేసేసి వస్తా. ఇంకెవరి చేతా వేయించను" అంది ముడులమ్మ.

దుప్పటిని మరిగే నీళ్లలో వేసింది. మూటలోనే ఉన్న దిండు గలీబును వేసేముందు తిరగేసింది. లోపలినుంచి మందుల చీటీతో కట్టిన చిన్న పొట్లం జారి నేల మీద పడి విచ్చుకుంది. పొద్దున రోగులకు టీతో ఇచ్చే బిస్కెట్లు రెండు, అంచయినా కొరకనివి, అందులో ఉన్నాయి.