బీరన్న నాగలి ఎత్తిన చోటు

తల మీద దెబ్బ తిన్నాక మా బావ బీరన్న పొద్దున తిన్న గటక సాయంత్రానికి మరిచిపోయేవాడు. దానితో ఎలాగో సర్దుకున్నాం. విత్తన జొన్నల పాతర ఎక్కడ తవ్వాడో మరిచిపోవడమే కొంప ముంచింది.

నిరుడు దోపిడీగాళ్లు తన ఊరు చివ్వెంల మీద పడతారని తెలిసి, ఒక్కడే చేనుకు వెళ్లి, గొయ్యి తీసి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మన్ను కప్పి, పైన దున్నేశాడు. తెలిసినవాడు ఒక్కడైతే కొట్టినా బయటపడదనుకున్నాడు. కొట్టారు. నిజంగానే బయటపడలేదు!

ఇప్పుడు మృగశిర వచ్చింది. విత్తనం లేకపోతే దొర దగ్గరికి పోవాలి. ఆ గడప మళ్లీ తొక్కే బదులు చేను బీడు పెడతానని మా అక్క కొమురమ్మ పంతం.

"జొన్నలు యాడ పెట్టినవయ్యా?" అని రోజూ అడిగేది.

"గాడనే," అనేవాడు బావ.

సాయానికని ఆత్మకూరు నుంచి వచ్చిన నాకు అసలే ఓపిక తక్కువ. గట్ల వెంట, చెట్ల కింద పందికొక్కులా తవ్వి పారేశాను. ఏమీ దొరకలేదు.

సూర్యాపేట దవాఖానలో కాంపౌండర్ సత్యానందం బావ తల తడిమి చూశాడు. "అడిగితే రాదు. నోటితోని చెప్పే యాది వేరు, తిరిగిన జాగల యాది వేరు. చేన్ల పని చేపిచ్చి సూడు," అన్నాడు. మందు లేదని చెప్పడానికి ఇన్ని మాటలా అని విసుక్కుంటూనే, మర్నాడు బావ చేతికి నాగలి మేడి ఇచ్చాను.

ఎడ్ల వెనక నిలబడగానే మనిషి మారిపోయాడు. సాళ్లు తిన్నగా వచ్చాయి. చేను నడుమ ఒకచోట, ఎడ్లను ఆపకుండానే నాగలి ఎత్తి, రెండడుగులు దాటించి దించాడు. తిరిగొచ్చేటప్పుడూ అక్కడే ఎత్తాడు.

"గాడ అడుగున బండ ఉన్నది రా. ఏటా గట్లనే ఎత్తుతడు," అంది అక్క.

"బండో పాతరో సూద్దాం," అని గడ్డపార ఎత్తాను. బావ మేడి వదిలేసి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గీడ వద్దు. బిడ్డ పండుకున్నది."

పదేళ్ల కింద అక్కకు పుట్టిన నెలల పిల్ల పోతే మగవాళ్లే తీసుకెళ్లి పాతిపెట్టారు. ఆడవాళ్లను వెంట రానివ్వరు. చోటు తెలిస్తే రోజూ అక్కడే కూర్చుని ఏడుస్తుందని, బండ ఉందని చెబుతూ వచ్చాడు బావ.

"మరి జొన్నలో?" అన్నాను. నా నోరు పడిపోను, ఆ క్షణాన ఆ మాటే వచ్చింది.

బావ అక్కడి నుంచి తూర్పుకు నాలుగడుగులు వేసి ఆగాడు. "గీడ. బిడ్డ పక్కకైతే మరువనని పెట్టిన."

తవ్వాను. నడుం లోతున గడ్డి తగిలింది. పాతర వాసన గుప్పుమంది. "అక్కా, జొన్నలు!" అని అరిచాను.

అక్క ఇటు తిరగలేదు. దున్నని ఆ రెండడుగుల నేల పక్కన కూర్చుని, పసిపిల్లను జోకొట్టినట్టు చేత్తో తడుతోంది.