స్క్రోలింగ్ లేని మ్యాచ్

నా భార్య శేషారత్నం బతికుండగానే ప్రభాకరరావు ఆమెను టీవీలో చంపాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మూడు మండలాలు చూశాయి.

ప్రభాకరరావుది కారంపూడిలో కేబుల్ టీవీ. సొంతంగా ఒక లోకల్ ఛానల్ నడుపుతాడు. మా నాగులేరు డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టు ఎక్కడ ఆడినా ఆ ఛానల్లోనే లైవ్ వచ్చేది. పైన ఆట, కింద మూడు వరసల స్క్రోలింగ్. ఒక వరసలో పురుగుమందులు, కోల్డ్ స్టోరేజీలు. ఒక వరసలో నాయకుల పుట్టినరోజులు. మూడో వరసలో చావులు. స్కోరు ఆ మూడో వరస వెనక ఎక్కడో ఉండేది.

రత్నానికి ఆ జట్టంటే ప్రాణం. కాలేజీ గ్రౌండు మా మిరప చేను పక్కనే. నీళ్లు పెట్టడానికి వచ్చి గట్టు మీద నిలబడి ప్రాక్టీసు చూసేది. ఆటగాళ్లందరి పేర్లూ తెలుసు. ఎవడికి ఏ మోకాలు నొప్పో కూడా తెలుసు. జట్టు గెలిస్తే ఆ పూట ఇంట్లో గుడ్ల పులుసు. ఓడితే గోడకు తిరిగి పడుకునేది. నేనే అన్నం పెట్టుకుని తినేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

రెండేళ్ల కిందట మార్చిలో ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను. నాలుగో రోజు మబ్బు పట్టింది. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కింటి మాబున్నీసాను ఆమె దగ్గర కూర్చోబెట్టి ఊరికి వచ్చాను. ఆ మధ్యాహ్నం ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. ఆ కబురు నలుగురి నోళ్లలో పడి ఊరికి చేరేసరికి మనిషి పోయిందని అయింది.

మా దగ్గర ఎవరైనా పోతే రెండు పార్టీల వాళ్లూ టీవీలో సంతాపం వేయిస్తారు. ఎవరిది ముందు పడితే ఆ ఇల్లు వాళ్లదని లెక్క. ఒక నాయకుడి మనిషి ప్రభాకరరావుకు ఫోన్ చేసి, అవతలి వాళ్లకంటే ముందు వెయ్యమన్నాడు. ప్రభాకరరావు నన్ను బావా అని పిలుస్తాడు, రత్నాన్ని అక్కా అంటాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు. నాకు ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అడగలేదు. వేశాడు.

నేను కాయల మీద కప్పడానికి బజారులో పట్టాలు కొని మౌలాలీ టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాను. టీవీలో మ్యాచ్ వస్తోంది. కింద నా భార్య పేరు పరిగెత్తింది. ఆమె మృతికి ప్రగాఢ సంతాపమట.

పట్టాలు అక్కడే పడేశాను. ఆటో మాట్లాడుకుని నరసరావుపేట పోయాను. గంట పైన పట్టింది. ఆ గంట గురించి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

వార్డులోకి పోతే ఆమె బతికే ఉంది. గోడకు తిరిగి పడుకుని ఉంది. వార్డులో టీవీ ఉంది. అందులోనూ ఆ ఛానల్ వస్తుంది. నేను పోయేసరికి ఆపేసి ఉంది.

"కాయలు ఎవరికి అప్పజెప్పి వచ్చావు?" అంది, నా వైపు తిరగకుండానే.

"ఊరికే వచ్చా."

ఇంకేమీ మాట్లాడలేదు. రెండో రోజు తెల్లారి పోయింది.

ఆమె చదివింది. తన చావు తాను చదువుకుని, గోడకు తిరిగి, ప్రాణం వదిలేసింది. నాకు అలా అర్థమైంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పదకొండో రోజున ప్రభాకరరావు వస్తే విస్తరి ముందు నుంచి లేపి పంపించాను. ఇంట్లో కేబుల్ తీగ కోసేశాను. ఆ తర్వాత ఒక్క మ్యాచ్ చూడలేదు.

కాలేజీ కోర్టు మట్టి కోర్టు. ఆటకు ముందు తడపకపోతే దుమ్ము లేచి మనిషి కనపడడు. తడిపే నీళ్లు నా బోరువి. నేను ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, ప్రభాకరరావు కెమెరా లోపలికొస్తే నా నీళ్లు బయటికి రావన్నాను. ఒప్పందం ఇంకా రెండేళ్లు ఉంది, అందాకా ఆగు జక్కయ్యా అని బతిమాలాడు. ఆగాను. మొన్న మార్చిలో ఒప్పందం అయిపోయింది. తర్వాతి రోజు పొద్దున్నే పోయి ఆయన గది ముందు కూర్చున్నాను. లైవ్ నరసరావుపేట హబీబ్ ఛానల్‌కు ఇచ్చారు.

ఊళ్లో జనానికి భయం పట్టుకుంది. ఇక ఫోన్లోనే వస్తుందని ఒకడు, కొత్త బాక్సు కొనాలని ఒకడు. కొందరు నన్ను చూసి మాట ఆపేసేవాళ్లు. చివరికి అదే బాక్సులో నంబరు మారింది. అంతే.

మొదటి మ్యాచ్ మాచర్ల కాలేజీతో, సాయంత్రం నాలుగింటికి. ఆ రోజు మౌలాలీ కొట్టుకు పోయాను. రెండేళ్ల తర్వాత పోవడం. లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. పొయ్యి పక్కన స్తంభం వెనక కూర్చున్నాను. గెలిచినవాడు చూడాలి కదా. అందుకని పోయాను.

మౌలాలీ రిమోట్ నొక్కుతూనే ఉన్నాడు. బొమ్మ వచ్చింది.

"ఏంది, కింద ఖాళీగా ఉంది? ఆగిపోయిందా?"

"ఆగలా. స్క్రోలింగ్ లేదు."

"అమ్మయ్య! పదేళ్ల తర్వాత మనోళ్ల కాళ్లు చూస్తన్నా."

"కబడ్డీలో కాళ్లు కూడా ఉంటయ్యా మావా?" అని ఇంకొకడు. అందరూ నవ్వారు. స్కోరు పైన, మూలన, పెద్ద అంకెల్లో ఉంది. నిజం చెప్పాలి. బాగుంది.

వ్యాఖ్యానం మాత్రం బాగాలేదు. ఎవరో పట్నం కుర్రాడు. ప్రతిదానికీ అద్భుతం అంటున్నాడు.

"ఎవడు చెమట తుడుచుకున్నా అద్భుతమేనంట. మౌలాలీ, నోరు నొక్కెయ్ వాడిది. మస్తాన్‌రావు ఏడీ?"

మస్తాన్‌రావు ప్రభాకరరావు ఛానల్లో పన్నెండేళ్లు మ్యాచ్‌లు చెప్పినవాడు. మిగతా రోజుల్లో ఎరువుల కొట్లో గుమాస్తా. ముందు బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. నేను వెనక ఉన్న సంగతి వాడికి తెలియదు.

"నాకెందుకురా ఇప్పుడు? నా ఉద్యోగం పోయింది. టీ తాగనియ్యండి."

"టీ నేను పోయిస్తా అన్నా. చెప్పు."

"మైకు లేదు."

"గ్లాసు పట్టుకో."

మౌలాలీ టీవీ గొంతు నొక్కేశాడు. మస్తాన్‌రావు కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. మా జట్టు ఐజాజ్ కూతకు లేచేసరికి ఆగలేకపోయాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఐజాజ్ గీత దాటాడు... చూపు కుడి కార్నర్ మీద పెట్టాడు... నమ్మొద్దు, ఆ చూపు నమ్మొద్దు! కాలు బోనస్ గీత మీదికి పోతోంది... పోయింది, తొక్కింది, వెనక్కి దూకాడు! ఓ మాచర్ల అన్నయ్యా, నువ్వు పట్టుకుంది గాలిని!"

కొట్టు ఊగిపోయింది. రోడ్డు మీద పోయే ఆటోవాళ్లు ఆపుకుని లోపలికి వచ్చారు. అలా సగం ఆట నడిచింది. నాకు రత్నం గుర్తొచ్చింది. ఈ గొంతు వింటూ ఆమె చాటలో మిరపకాయల తొడిమలు తీసేది.

"ముప్పై, ఇరవై తొమ్మిది! చూడండ్రా, స్కోరు ఎంత పెద్దగా వేశాడో. ఆ రోజు శేషారత్నం పిన్ని ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి అరిచింది దీనికోసమే గదా..."

మౌలాలీ గరిటెతో బల్ల మీద కొట్టి నా వైపు చూపించాడు. మస్తాన్‌రావు వెనక్కి తిరిగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరు ఫోన్ చేశారు?" అన్నాను.

"బాబాయ్... మ్యాచ్ అయ్యాక చెబుతా."

"ఇప్పుడు చెప్పు."

వాడు లేచి నా దగ్గరికి వచ్చి స్తంభం పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లు టీవీ చూస్తున్నట్టు నటించారు.

"ఆ రోజు నేను ఛానల్ గదిలోనే ఉన్నా బాబాయ్. స్క్రోలింగ్ రెండు సార్లు తిరిగింది. ప్రభాకరన్న ఫోన్ మోగింది. మాబున్నీసా నంబరు. తీస్తే పిన్ని. మాస్కు తీసేసి మాట్లాడుతోంది, ఆయాసం వినబడుతోంది. 'ఒరేయ్ ప్రభాకరా, నేనింకా పోలేదు గానీ ఆ రాత తీసెయ్. స్కోరు కనబడి చావటం లేదు' అంది."

నేను ఇంకా దగ్గరికి జరిగాను.

"ప్రభాకరన్న అక్కా అక్కా అని ఏడుపు. 'ఏడుపు తర్వాత. ముందు అది తీసి, స్కోరెంతో చెప్పు' అంది. నేనే చెప్పా. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. అప్పుడు నవ్వింది బాబాయ్. 'నా చావు కూడా మ్యాచ్ మధ్యలోనే వెయ్యాలా మీకు' అని. తర్వాత ఒట్టేయించుకుంది. 'మీ బావకు చెప్పమాక. నేను చదివానని తెలిస్తే నిన్ను తంతాడు. తన్ని ఊరుకోడు, ఇంట్లో కూర్చుని కుమిలిపోతాడు. నేను చూడలేదనుకోనీ' అంది."

నేను ఆటోలో ఆ గంటంతా, ఆమె చదివి ఉండకూడదని అనుకుంటూ పోయాను. ఆమె, నేను చూసి ఉండకూడదని అనుకుంటూ పడుకుంది.

ఒక్క సంగతి తెలియాలి. రెండేళ్లలో ఎవర్నీ అడగనిది.

"ఆ మ్యాచ్ ఏమైంది?"

మస్తాన్‌రావు నా మొహంలోకి చూశాడు. "నీకు తెలీదా?"

"తెలీదు."

"ఓడిపోయాం బాబాయ్. ఒక్క పాయింటు. ఐజాజ్ అప్పుడు ఫస్టియర్. ఆఖరి కూతలో వేళ్లు గీతకు జానెడు దూరంలో ఉండగా దొరికిపోయాడు."

ఓడితే గోడకు తిరిగి పడుకునేది. ముప్పై ఒక్క ఏళ్లు చూశాను. ఆ రోజు వార్డులో అదే చూసి గుర్తు పట్టలేదు.

కొట్టు కేకలతో నిండిపోయింది. గెలిచారు. ఆఖరి కూత నేను చూడలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. రెండేళ్లుగా రొమ్ము మీద ఉన్న బస్తా ఎవరో దించినట్టు ఊపిరి ఆడింది. మౌలాలీ టీ తెచ్చి పెట్టాడు. తాగాను. తీపి ఎక్కువ వేశాడు.

ఇంటికి పోయే దారిలోనే ప్రభాకరరావు ఆఫీసు. అరుగు మీద కూర్చుని తీగల చుట్ట విప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు. జుట్టు బాగా నెరిసింది.

"మస్తాన్‌రావు చెప్పాడు," అన్నాను.

వాడు చేతిలో తీగ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఒట్టు వేశాను బావా."

"నాకు ఫోన్ చేసి అడగాల్సింది."

"అడగాల్సింది."

"తప్పు."

"తప్పే బావా. రెండేళ్ల నుంచీ అదే అనుకుంటన్నా."

"నిజంగా నవ్విందా?"

"నవ్వింది. తిట్టి నవ్వింది. ఫోన్ పెట్టేముందు, ఐజాజ్‌ను ఆఖరి కూతకు పంపొద్దని కోచ్‌కు చెప్పమంది. నేను చెప్పలా."

"అదీ తప్పే," అన్నాను.

కూర్చోమన్నాడు. కూర్చోలేదు. లైవ్ మళ్లీ వాడికి ఇప్పిస్తానని అనలేదు, ఇప్పించను. ఆటగాళ్ల కాళ్లు కనబడాలి, స్కోరు కనబడాలి. రత్నం అడిగింది అదే.

ఇంటి ముందు మాబున్నీసా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఈ రెండేళ్లూ గోడ మీది నుంచి కూర గిన్నెలు అందించింది. ఈ ముక్క మాత్రం అందించలేదు.

"మ్యాచ్ గెలిచారంట గదా అన్నా," అంది.

"గెలిచారు. నీ ఫోన్ చానా గట్టిది."

చాట ఆగిపోయింది. నా మొహం చూసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. లోపలికి పోయి రెండు గుడ్లు ఉడకేసుకున్నాను.

మర్నాడు కాలేజీకి పోయాను. ప్రిన్సిపాల్ నన్ను చూసి నీరసపడ్డాడు.

"మళ్లీ ఏంది జక్కయ్యా?"

"మ్యాచ్ మస్తాన్‌రావు చెప్పాలి. లేకపోతే నీళ్లు రావు."

"అది హబీబ్ ఇష్టం కదయ్యా!"

"బోరు నా ఇష్టం."

తర్వాతి మ్యాచ్‌కు మస్తాన్‌రావు చేతిలో నిజం మైకు ఉంది. హబీబ్ మంచి మైకు ఇచ్చాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నేను తీగ మళ్లీ అతికించుకున్నాను. ఇంట్లోనే చూస్తున్నాను.

ప్రభాకరరావు దారిలో కనబడితే తల ఊపుతాను. అంతకు మించి లేదు. వాడిని క్షమించలేదు. బతికున్న మనిషిని చంపాడు, అది అలాగే ఉంటుంది. రత్నం గోడకు తిరిగింది మాత్రం ఓడిపోయినందుకు. ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారని ఒక్కసారి రాసి పెట్టాను. ఇక ఈ సంగతి నేను ఎత్తను. నా దగ్గర ఎవరైనా ఎత్తితే లేచి పోతాను.