లోపాల పుస్తకానికి పసుపు

ఉదయం తొమ్మిదీ నలభై అయింది, దుర్గ ఇంకా సంతకం పెట్టలేదు, ఆడిటరమ్మ కారు పదిన్నరకు వస్తుందన్నారు, అంటే యాభై నిమిషాలుంది, పదకొండు సంతకాలకు అంతసేపు అక్కర్లేదు, మరి ఈ విజయ్‌కుమార్ నాలుగు పెన్నులు ఎందుకు తెచ్చాడని చూస్తోంది, రెండు నీలం, ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ, నెలకో పెన్ను మార్చి పెట్టండి మేడమ్, అన్నీ ఇవాళే పెట్టినట్టు తెలియకూడదు అంటున్నాడు, విశాఖపట్నం నుంచి వచ్చే కన్సల్టెంటు, ఈ జీడిపప్పు ఫ్యాక్టరీకి పర్యావరణ సర్టిఫికెట్ ఇప్పించే పని మీద ఏడాదిగా నెలకోసారి వస్తున్నవాడు, ఏడాదిలో ఒక్కసారీ ఆమెను మేడమ్ అనలేదు, ఇవాళే మొదలు, జూలై నుంచి మే దాకా పదకొండు వరుసలు పుస్తకంలో తనే రాసి ఉంచాడు, ప్రతి వరుసలోనూ లోపాలు ఏవీ లేవు, ప్రతి వరుస చివరా పర్యావరణ ప్రతినిధి సంతకం అని ఖాళీ గడి, ఆ ప్రతినిధి దుర్గ.

పుస్తకం అట్ట మీద లోపాల నమోదు అని అచ్చు, అట్ట నాలుగు మూలలా పసుపు, లోపల మొదటి పేజీలో శ్రీ, దాని కింద లాభం, ఆ రెండూ రాసింది యజమాని నరసింగరావు, కాశీబుగ్గలో నాలుగు తరాలుగా వ్యాపారం చేస్తున్న ఇల్లు వాళ్లది, ఆ ఇంట్లో కొత్త పుస్తకం ఏది వచ్చినా దేవుడి ముందు పెట్టి పసుపు రాయందే కలం పెట్టరు, కిందటి జూలైలో విజయ్‌కుమార్ ఆరు పుస్తకాలు అచ్చు వేయించి తెస్తే, తొలి ఏకాదశి మంచిరోజని ఆరింటినీ దొంతర పెట్టి పూజ చేశాడు, అట్టల మీద ఏముందో చదవలేదు, నీళ్లది ఒకటి, తొక్కలది ఒకటి, పొగది, చట్టాలది, శిక్షణది, ఇది ఆరోది, హారతయ్యాక దీని పనేమిటో తెలిసి తల పట్టుకున్నాడు, శ్రీకారం సుట్టిన పుస్తకంలో తప్పు రాస్తారేటి, ఇంట్లో లక్ష్మి నిలుస్తాదా అన్నాడు, పోనీ ఇంకోటి తెస్తానని విజయ్‌కుమార్ అంటే, పూజ చేసినదాన్ని పక్కన పెడితే మరీ దోషం అన్నాడు, బాయిలర్ చూసే సోములు గుమ్మంలో నిలబడి అంతా విని, అయితే పెన్సిల్తో రాసి సెరిపేద్దుమా బాబూ అన్నాడు, అందరూ నవ్వారు, దుర్గ కూడా నవ్వింది, పుస్తకం బీరువాలోకి వెళ్లింది, మార్చిలో ఆడిటరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని తీయించి, ఎనిమిది నెలల్లో ఒక్క లోపమూ లేదా అని అడిగి, తన కాగితం మీద ఏదో రాసుకుని, జూన్‌లో మళ్లీ వస్తానని వెళ్లింది, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఖాళీగా ఉంటే ఎవరూ చూడలేదని అర్థం, లేవు అని రాసి సంతకం ఉంటే చూశారని అర్థం, విజయ్‌కుమార్ ఇప్పుడు అదే రెండోసారి చెబుతున్నాడు, మార్చిలో ఖాళీగా చూసింది గదా అంటే, రోజుకో ఫ్యాక్టరీ చూసే మనిషికి ఏ పేజీ ఖాళీయో గుర్తుండదంటున్నాడు, పక్క హాల్లో కోత మిషన్లు నడుస్తున్నాయి, అరవై నాలుగు మంది ఆడవాళ్లు, జీడి పిక్క పగిలే చప్పుడు, జర్మనీ కొనుగోలుదారు సర్టిఫికెట్ లేకుండా సరుకు తీసుకోనన్నాడు, నీ సంతకం కోసం వీళ్లందరి పనీ ఆగాలా అని నరసింగరావు అడిగాడు, అడగడంలో తప్పు లేదు, కానీ తను పెట్టిందా ఈ పేరు, ఈ పదవి అడిగిందా, కిందటేడు ఒక రోజు తూకం చీటీ పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడింది, అంతే, ఫైల్లో ఎవరో ఒకరి పేరు కావాలి సార్ అని విజయ్‌కుమార్ అంటే నరసింగరావు తలెత్తి, ఇది పదో క్లాసు పాసైనాది, దీని పేరు రాసీండి అన్నాడు, నోటీసు బోర్డు మీద అద్దం బిగించిన కాగితంలో తన పేరు చూసుకుని, ఇదేటి సోములూ అని అడిగింది, ఏటో అప్పా, నువ్వు సెట్లకీ నీల్లకీ మునసబువంట అన్నాడు, ఆమెను అక్క వరసలో పిలిచే సోములు.

శ్రీకాకుళంలో రెండు రోజుల శిక్షణకు పంపారు, ఫైల్లో ఫోటో కావాలి గనక పంపారు, ఆమె వెనక కుర్చీలో కూర్చుని విన్నది, ఏం వాడుతున్నారో కొలవండి, ఏం పారేస్తున్నారో కొలవండి, కొలిచింది రాయండి, తప్పు జరిగితే ఎందుకు జరిగిందో రాయండి, మళ్లీ జరగకుండా ఏం చేశారో రాయండి, ఇంతేనా అనుకుంది, ఇంటి దగ్గర పాలు పొంగితే చేసేది ఇదే గదా, వచ్చాక వెదురు కర్రకు గాట్లు పెట్టి పిక్కలు కడిగే తొట్టిలో నీళ్లు కొలిచింది, కోత హాల్లో వాళ్లు ఆటపట్టించారు, మునసబమ్మ కర్ర తెచ్చిందిరోయ్ అన్నారు, అననీ, సెప్టెంబరులో ఒక ఆదివారం ఫ్యాక్టరీ మూసి ఉండగా తొట్టిలో నీరు నాలుగు వేళ్లు తగ్గింది, తవ్విస్తే పైపు అతుకు ఊడి ఉంది, అతుకు వేశాక బోరు మోటారు రోజుకు రెండు గంటలు తక్కువ నడుస్తోంది, బాయిలర్‌లో తడిసిన తొక్క కాలిస్తే పొగ ఎక్కువని పనివాళ్లకు ఎప్పుడూ తెలుసు, ఏ రోజు ఎంత తొక్క తడిసిందో మూడు నెలలు రాసి చూపించాకే తొక్కలకు రేకుల షెడ్డు లేచింది, మిగిలిన తొక్కను టెక్కలి దారిలో నూనె తీసేవాళ్లు పట్టుకెళ్తున్నారు, ఈ ఐదు పుస్తకాల్లో ప్రతి అంకె తన చేత్తో రాసింది, ప్రతి పేజీ కింద తన సంతకం ఉంది, ఒక్కటీ అబద్ధం కాదు, ఈ ఆరోదానిలో పదకొండు అబద్ధాలు పెడితే ఆ ఐదూ ఏమవుతాయి.

పెట్టు దుర్గా, ఏటలాగ సూస్తన్నావు అంటున్నాడు నరసింగరావు, ఆమె తన కుడి బొటనవేలు చూసుకుంటోంది, పదహారో ఏట పిక్కలు కొట్టడానికి కూర్చుంది, అప్పట్లో చేతులకు ఆముదమూ బూడిదా రాసుకునేవారు, రాసుకున్నా జీడి రసం తోలు తినేసేది, వేలి మీద గీతలు లేవు, రేషన్ మిషన్ ఆమె వేలు పట్టదు, డీలరు మూడుసార్లు పెట్టించి, కంటిపాప చూసి ఇస్తాడు, బ్యాంకులోనూ అంతే, వేలిముద్ర పోయిన మనిషికి సంతకం ఒకటే మిగిలింది, దాన్ని ఈ నాలుగు రంగుల పెన్నులతో పదకొండుసార్లు, పెట్టను బాబూ అంది, ఏటీ అన్నాడు, పెట్టనన్నాను, లేవని నాను పెట్టను, జూలైలో ఉన్నాది గదా.

జూలై పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పది, పగలంతా వాన, పిక్కలు కడిగిన నీరు చేరే గుంట అంచుదాకా వచ్చింది, నీటి మీద జీడి నూనె తెట్టు, గుంటకు కిందివైపు ఒక చెక్క పలక, పలక దాటితే కాలవ, కాలవ దాటితే లక్ష్మణమ్మ నారుమడి, సోములు పలక దగ్గర వంగి, అప్పా, కింద నారుమడి ఉన్నాది అన్నాడు, ఆ మాట అన్నాడు, అనలేదని ఎలా అంటుంది, గుంట గట్టు తెగితే నీరు గోదాంలోకి వస్తుంది, గోదాంలో పప్పు ఉంది, అడగడానికి నరసింగరావు ఊళ్లో లేడు, పలక లేచింది, నీరు కాలవలో పడింది, మూడు రోజులకు లక్ష్మణమ్మ గేటు దగ్గరికి నారు గుప్పెడు పీక్కుని వచ్చింది, ఆకు చివర్నుంచి మాడింది, నరసింగరావు చూసి, ఇది వాన దెబ్బమ్మా, మా నీరు కాదు అన్నాడు, అయినా పాపమని నందిగాంలో బావమరిది పొలం నుంచి బండెడు నారు పంపించాడు, లక్ష్మణమ్మ అతనికి దండం పెట్టి వెళ్లింది, దుర్గ గేటు లోపల నిలబడి చూసింది, ఆ ఏడాది ఆ పొలంలో ఇరవై రోజులు ఆలస్యంగా నాట్లు పడ్డాయి, ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

రాస్తావా, రాయి అయితే, నరసింగరావు గొంతు పెంచలేదు, ఆయన కోపం వచ్చినప్పుడు గొంతు పెంచడు, రాస్తే రేపట్నుంచి గేటు దాటక్కర్లేదు, మరో మాట సెప్తాను ఇను, ఆ పుస్తకం నా కోసం ఖాళీగా ఉంచాననుకున్నావా, ఆ రోజు పలక ఎవలు ఎత్తమన్నారో ఆ ముసల్దానికి నాను సెప్పలేదు, నీ పేరు బయటికి రానీలేదు, అదేటి మర్చిపోయావా, విజయ్‌కుమార్ పెన్నులు సర్దడం ఆపి ఆమె వైపు చూశాడు, ఇది అతనికి తెలియదు, దుర్గకు తెలుసు, ఎత్తమన్నది తనే, గోదాంలోకొస్తే ఎవడు సెప్తాడు సావుకారికి, ఎత్తు అంది, మర్చిపోలేదు, పదకొండు నెలలుగా బజారులో లక్ష్మణమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరిగింది, తిరిగిన ప్రతిసారీ ఫ్యాక్టరీ తప్పు, సావుకారి తప్పు అనుకుంది, మార్చిలో ఆడిటరమ్మ ఖాళీ పేజీలు తిప్పుతుంటే తను అమ్మయ్య అని ఎందుకు అనుకుంది, సర్టిఫికెట్ కోసమా, పసుపు రాసింది నరసింగరావే, దాని చాటున దాక్కున్నది తను కూడా, సంతకం పెట్టనని ఇంతసేపు నిలబడటం తేలికే, ఎవరి తప్పని అడిగితే పేరు చెప్పాలి, పెట్టనన్న నోటితో ఆ పేరు కూడా చెప్పకపోతే ఈ నిలబడటానికి అర్థం లేదు.

నీలం పెన్ను తీసుకుంది, విజయ్‌కుమార్ రాసిన పదకొండు వరుసల మీదా అడ్డంగా ఒక గీత గీసింది, మేడమ్ మేడమ్ అంటున్నాడు, పేజీ తిప్పింది, ఇవాళ్టి తేదీ వేసింది, జరిగిన తేదీ వేరే వేసింది, జూలై పద్నాలుగు, నాలుగూ పది, గుంట నిండింది, పలక ఎత్తించాము అని రాసి, ఎత్తించాము కొట్టేసి, దుర్గ ఎత్తించింది అని రాసింది, సోములు వద్దన్నాడు అని రాసింది, లక్ష్మణమ్మ నారుమడి పాడైంది, ఆమెకు నిజం చెప్పలేదు, కారణం, వానకాలానికి గుంట చాలదని ముందు కొలవలేదు, తర్వాత చేసినది, ఆగస్టులో రెండో గుంట తవ్వాము, పలక తీసి ఇటుక గోడ కట్టాము, ఆ రెండూ నీళ్ల పుస్తకం నలభై ఒకటో పేజీలో ఉన్నాయి, చేయాల్సినది, ఇక్కడ పెన్ను ఆగింది, లక్ష్మణమ్మకు చెప్పాలి అని రాసింది, సంతకం చేసింది, పది దాటి పన్నెండు నిమిషాలు, నరసింగరావు పుస్తకం లాక్కోలేదు, పసుపు ఉన్న మూల మీద చేయి వేసి కూర్చున్నాడు.

కారు పదీ నలభై ఐదుకు వచ్చింది, ఆడిటరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది, నలభై ఒకటో పేజీ తీయించి చూసింది, గుంటల దగ్గరికి వెళ్లి ఇటుక గోడ మీద టేపు పెట్టి కొలిచింది, సోముల్ని పిలిచి, మీరు వద్దన్నారా అని అడిగింది, సోములు దుర్గ ముఖం చూశాడు, సెప్పు అంది దుర్గ, అన్నానండి అన్నాడు, సర్టిఫికెట్ వస్తుందా అని నరసింగరావు అడిగితే, నివేదిక పంపుతాను అని మాత్రం అంది, దుర్గ రేపు రావాలో వద్దో నరసింగరావు మళ్లీ చెప్పలేదు, చేయాల్సినది అని రాశారు, ఎప్పుడు చేస్తారు అని ఆడిటరమ్మ దుర్గను అడిగింది, తేదీ గడి ఖాళీగా ఉంది, దుర్గ అందులో ఇవాళ్టి తేదీ వేసి వెనక గేటు తీసింది, లక్ష్మణమ్మ మడిలో మొలక వడ్లు చల్లుతోంది, ఓలమ్మా దుర్గా, ఇన్నాల్టికి కనిపించావేటే అంది, పదకొండూ ఇరవైకి దుర్గ గట్టు మీద నిలబడి, అత్తా, ఆ నీరు మాదే, ఒదలమన్నది నానే అంది, లక్ష్మణమ్మ మొలక బుట్ట గట్టు మీద పెట్టింది.